మేస్త్రీ కూడా మాస్టారే

పోయిన నెల కుమ్మరి అనే మాట గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పనివాళ్ళ పేర్ల మీదే ఉన్నాయి. అన్నిటికీ జవాబు రాయాలంటే పేజీలు చాలవు కాబట్టి ఒకదాంతో ఒకటి ముడిపడిన ప్రశ్నలు ఐదు తీసుకున్నాను. మొదటిదానికి మాత్రం తీరిగ్గా రాస్తున్నా, ఆ మాటంటే నాకు ఎప్పట్నించో ఇష్టం.

మేం ఇల్లు కట్టుకుంటున్నాం. ఆరో తరగతి చదివే మా బాబు సెలవులని రోజూ అక్కడే ఉంటున్నాడు. మొన్న గోడ కడుతున్న మేస్త్రీ గారిని "మాస్టారూ, నేనో ఇటుక పెడతా" అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా ఒకటే నవ్వు. మాస్టారంటే బళ్ళో ఉంటార్రా అని వాడికి నేనే సర్దిచెప్పా, తర్వాత నాకే డౌట్ వచ్చింది. అసలు మేస్త్రీ అన్నది తెలుగు మాటేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

మీ బాబు అన్నదాంట్లో తప్పేం లేదమ్మా. వాడికి తెలీకుండానే వాడు సరైన మాట అన్నాడు. మేస్త్రీ, మాస్టారు రెండూ ఒక తల్లి పిల్లలే, రెండు వేరే దారుల్లో మన ఇంటికి వచ్చాయి అంతే.

మేస్త్రీ తెలుగు కాదు, సంస్కృతం కాదు, చాలామంది అనుకునేట్టు ఉర్దూ కూడా కాదు. అది పోర్చుగీసు మాట. వాళ్ళ భాషలో మెస్త్రె అంటే గురువు, పనిలో చెయ్యి తిరిగినవాడు, తన కింద ఉన్న నలుగురికి ఆ పని నేర్పేవాడు. 1498లో వాస్కోడగామా కాలికట్ దగ్గర దిగాడు, 1510లో గోవా వాళ్ళ చేతికొచ్చింది, ఇక అక్కణ్ణించి ఓడలు బాగుచేసుకోవాలన్నా కోట కట్టుకోవాలన్నా చర్చి కట్టుకోవాలన్నా ఇక్కడి వడ్రంగులతో, రాతిపనివాళ్ళతో, కమ్మర్లతో వాళ్ళకి రోజూ పనే. ఆ పనుల దగ్గరే ఈ మాట మనవాళ్ళ నోట్లో పడింది. తర్వాత 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నం వచ్చి దుకాణం పెట్టినా సరే, తీరం పొడుగునా బేరసారాలకి చాలాకాలం పోర్చుగీసు మాటలే నడిచాయి. అందుకే అలమర, బొత్తాం, పీపా, తువ్వాలు, అనాస, వేలం ఇవన్నీ ఇవాళ మనకి పరాయి మాటల్లా అనిపించవు. మేస్త్రీ కూడా ఆ పడవల్లో వచ్చిందే. తమిళంలో మేస్తిరి అయింది, హిందీ మరాఠీల్లో మిస్త్రీ అయింది, పార్సీవాళ్ళలో అయితే ఏకంగా ఇంటిపేరే అయి కూర్చుంది.

ఈ మెస్త్రె కూడా పోర్చుగీసువాళ్ళు సొంతంగా పుట్టించుకున్నది కాదు, లాటిన్‌లో మగిస్తెర్ అనే మాట ఉంది, దాన్నుంచి వచ్చింది. అదే మగిస్తెర్ ఇటలీలో మాయిస్ట్రో అయింది, మనం ఇళయరాజాని మాయిస్ట్రో అంటామే అదే, ఇంగ్లీషులో మాస్టర్ అయింది, ఆ మాస్టర్‌కి మనం గారు తగిలించి మాస్టారు చేసుకున్నాం, పేరు ముందు పెట్టే మిస్టర్ కూడా ఆ మాస్టరే కొంచెం అరిగిపోయింది. చూడండి, స్టేషన్ మాస్టరు, పోస్టుమాస్టరు, డాన్స్ మాస్టరు, బట్టలు కత్తిరించే కటింగ్ మాస్టరు, మద్రాసు హోటళ్ళలో టీ మాస్టరు, ఇంటి ముందు ఇసక కుప్ప పక్కన నిలబడ్డ మేస్త్రీ, అందరూ ఒక్క కుటుంబం. ఇంకాస్త లోతుకి పోతే లాటిన్‌లో మగిస్ అంటే "ఎక్కువ" అని అర్థం. దానికీ మన మహత్, మహా అనే మాటలకీ మూలం ఒకటేనని భాషాశాస్త్రం చెప్తుంది. అంటే మేస్త్రీకీ మహానుభావుడికీ కూడా దూరపు చుట్టరికం ఉందన్నమాట.

ఇక్కడితో ఆపేయొచ్చు గానీ నన్ను అసలు ఆశ్చర్యపెట్టిన సంగతి వేరే ఉంది. పనివాడిని గురువు అని పిలవడం పోర్చుగీసువాళ్ళు వచ్చాక మనం నేర్చుకున్నది కాదు. ఆచారి అనే మాట చూడండి. వడ్రంగి గారినో శిలలు చెక్కే ఆయన్నో బంగారం పని చేసే ఆయన్నో ఊళ్ళో ఆచారి గారూ అనే పిలుస్తాం. ఆచారి అంటే ఆచార్యుడు, యూనివర్సిటీలో ప్రొఫెసర్‌కి వాడే మాటే.

అలాగే ఈ పనులు చేసే విశ్వబ్రాహ్మణుల పేర్లలో చివర ఓజు అని వస్తుంది, నాగోజు, బ్రహ్మోజు, ఇంటిపేర్లలో లక్కోజు, కంచోజు ఇలా. ఈ ఓజు ఏంటా అని నాకు చిన్నప్పట్నించీ ఒక అనుమానం ఉండేది. సంస్కృతంలో ఉపాధ్యాయుడు ఉన్నాడు కదా, ప్రాకృతంలో అది అరిగి అరిగి ఉవజ్ఝాయ, ఓజ్ఝా అయింది, మన దగ్గరికొచ్చేసరికి ఒజ్జ అయింది, పేర్ల చివర ఓజు అయింది. పాత తెలుగులో ఒజ్జ అంటే చదువు చెప్పే అయ్యవారు. ఉత్తరాదిలో ఓఝా, ఝా అనే ఇంటిపేర్లు కూడా దాన్నుంచి వచ్చినవే. కన్నడ దేశంలో శిల్పుల పేర్ల చివర ఇదే ఓజ కనపడుతుంది, బేలూరు చెన్నకేశవుడి గుడిలో, 1117లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది, అక్కడ బొమ్మలు చెక్కినవాళ్ళలో దాసోజ అని ఒక మహా శిల్పి పేరు రాతి మీదే ఉంది.

హైదరాబాద్‌లో బైక్ మెకానిక్ దగ్గరికి పోయి చూడండి, అక్కడ పిల్లలు ఆయన్ని ఉస్తాద్ అంటారు. ఫారసీ నుంచి వచ్చిన మాట, దానర్థమూ గురువే, సితార్ వాయించే విద్వాంసుడికీ ఉస్తాదే, కార్బొరేటర్ విప్పి శుభ్రం చేసేవాడికీ ఉస్తాదే.

ఆచారి సంస్కృతం నుంచి, ఓజు ప్రాకృతం మీదుగా, ఉస్తాద్ ఫారసీ నుంచి, మేస్త్రీ పోర్చుగీసు నుంచి. వచ్చిన దిక్కులు నాలుగు, అర్థం మాత్రం ఒక్కటే, నేర్పేవాడు. పని వచ్చినవాడు అని కాదు, నేర్పేవాడు అని. నేను దీన్ని చాలా పెద్ద విషయం అనుకుంటాను, ఎందుకంటే ఈ విద్యలకి బడులు లేవు, పుస్తకాలు చాలా తక్కువ, ఉన్నా అవి పనిచేసేవాళ్ళ చేతుల్లో లేవు. మాలు కలపడం, ఉలి పట్టడం, ఇనుము ఎంత ఎర్రబడితే కొలిమిలోంచి తియ్యాలో ఆ రంగు గుర్తుపట్టడం, ఇవన్నీ ఒక మనిషి పక్కన ఏళ్ళ తరబడి నిలబడితేనే వస్తాయి. ఆ నిలబడనిచ్చే మనిషే మేస్త్రీ.

అయితే ఈ మాటకి ఇంకో ముఖం కూడా ఉంది, అది చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. పని నేర్పే మేస్త్రీ కాస్తా కూలీలని పోగుచేసే మేస్త్రీ అయ్యాడు. బ్రిటిష్‌వాళ్ళ టైంలో విశాఖపట్నం నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వేలకి వేలమంది మనవాళ్ళు రంగూను వెళ్ళారు, ఓడరేవులో మూటలు మొయ్యడానికి, బియ్యం మిల్లుల్లో పనికి. వాళ్ళని అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళేవాడు మేస్త్రీ, కూలి డబ్బులు వాడి చేతి మీదుగానే రావాలి, అప్పు తీరేదాకా కదలడానికి లేదు. కోరంగి రేవు నుంచి వెళ్ళేవాళ్ళు గనక బర్మాలో మన తెలుగువాళ్ళందర్నీ కోరంగీలనే పిలిచేవాళ్ళు. 1930 మే నెలలో రంగూను రేవులో బర్మావాళ్ళకీ తెలుగు కూలీలకీ మధ్య జరిగిన గొడవల్లో మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. పాలమూరు నుంచి వలస వెళ్ళే కుటుంబాలకి గుంపు మేస్త్రీ అంటే ఎవరో నేను చెప్పక్కర్లేదు, అడ్వాన్సు ఇచ్చి డ్యాముల దగ్గరికీ కాలవ పనులకీ తోలుకుపోయినవాడు. గురువు అనే మాట అలాంటి పనికి కూడా వాడాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది, కానీ మాట మనుషుల వెంటే పోతుంది, వాళ్ళు ఎక్కడికి పోతే అక్కడికి.

మీ బాబుని మాత్రం మాస్టారూ అనే పిలవనివ్వండమ్మా. ఆ ఇటుక కూడా పెట్టనివ్వండి.

మా దిక్కు ఇల్లు కట్టేటాయనను సుతారి అంటరు. మా వదినె వాళ్ళది ప్రకాశం జిల్లా, వాళ్ళు బేల్దారి అంటరు. వైజాగుల మా దోస్తు తాపీ మేస్త్రీ అంటడు. పని ఒక్కటే కద సార్, గిన్ని పేర్లు ఎందుకున్నయి?
— ఒక పాఠకుడు, సిద్దిపేట

పని ఒక్కటే, కానీ ఒక్కో ప్రాంతంవాళ్ళు ఆయన చేతిలో ఒక్కో పనిముట్టుని చూశారు, దాని పేరే ఆయనకి పెట్టారు. బేల్ అంటే ఫారసీలో పార. బేల్దారు అంటే పార పట్టినవాడు, హవల్దారు, జమీందారులో ఉన్న దారే ఇందులోనూ ఉంది. మొదట్లో అది మట్టి తవ్వేవాళ్ళ పేరు, ప్రకాశం, గుంటూరు, రాయలసీమ వైపు గోడ కట్టేవాళ్ళకి స్థిరపడింది. తాపీ అంటే మీకు తెలిసిందే, సిమెంటు మాలు తీసి వేసే ఆకు లాంటి రేకు పనిముట్టు, హిందీలో థాప్ అంటే అరచేత్తో తట్టడం, అక్కడ థాపీ అంటే తట్టి చదును చేసే చెక్క.

సుతారి మాత్రం వీటన్నిటికంటే పాతది, గొప్పది. అది సూత్రధారి. సూత్రం అంటే దారం. దారం పట్టినవాడు సూత్రధారి, నోట్లో నలిగి సుతారి అయింది. మరాఠీలో సుతార్, గుజరాత్ రాజస్థాన్ వైపు సుథార్ అంటే వడ్రంగి, బెంగాల్‌లో సూత్రధర్ అన్నా వడ్రంగే, మన తెలంగాణకి వచ్చేసరికి గోడ కట్టే ఆయన అయ్యాడు. నాటకంలో ముందుగా వచ్చి కథ మొదలుపెట్టే సూత్రధారుడి పేరూ ఇదే మాట. ఇద్దరి చేతిలోనూ దారమే కదా.

దారానికి అంత విలువేంటి అనుకునేవాళ్ళు ఒక్కసారి గోడ లేచేటప్పుడు దగ్గర నిలబడి చూడాలి. మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు కట్టేటప్పుడు నేను అలాగే గంటలు గంటలు చూశాను. మేస్త్రీ ముందు గోడ ఈ మూల ఒక ఇటుక, ఆ మూల ఒక ఇటుక పెట్టాడు. తూకపు గుండు వేలాడదీసి రెండూ నిటారుగా ఉన్నాయో లేదో చూశాడు. తర్వాత పచ్చి మాలులో ఇటు ఒక మేకు అటు ఒక మేకు గుచ్చి మధ్యలో దారం లాగి కట్టాడు. కట్టి, వేలితో మీటాడు, వీణ తీగని మీటినట్టే. అది గుయ్‌మంటే బిగువుగా ఉన్నట్టు, మూగగా ఊగిందంటే మళ్ళీ విప్పి లాగాల్సిందే. ఇక ఆ వరసలో ఇటుకలన్నీ దారం వెంటే పోతాయి, అయితే ఏ ఇటుకా దారానికి తగలకూడదు, ఒక్క ఇటుక దారాన్ని బయటికి నెట్టిందంటే దాని తర్వాతవన్నీ ఆ వంకరే పట్టుకుంటాయి కాబట్టి ఇటుకకీ దారానికీ మధ్య సన్నగా వెలుతురు కనపడేంత సందు వదుల్తాడు. ఆ సందుని టేపు పెట్టి కొలవడు, కంటితోనే. పక్కన పని నేర్చుకుంటున్న కుర్రాడు వరుసగా ఐదు ఇటుకలు పెడితే మేస్త్రీ ఏమీ అనకుండా మూడోదాన్ని తాపీ పిడితో టక్ మని ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు, అంతే, అది లోపలికి జరిగింది. ఆ కుర్రాడికి ఆ రోజు పాఠం అదే.

పాతకాలంలో చదువు చెప్పే ఒజ్జలు పలక మీద పైన ఒక వరస రాసిచ్చేవాళ్ళు, పిల్లలు దాన్ని చూసి కింద దిద్దుకునేవాళ్ళు, దాన్ని ఒజ్జబంతి అనేవాళ్ళు. మూలన పెట్టిన ఆ మొదటి ఇటుకలు, వాటి మధ్య దారం, నా కంటికి అచ్చం ఒజ్జబంతే.

ఈ దారం ఎంత పాతదో చెప్పడానికి రామాయణం చాలు. అయోధ్యకాండలో భరతుడు రాముణ్ణి వెనక్కి పిలవడానికి అడవికి బయల్దేరేటప్పుడు, సైన్యం నడవడానికి దారి వెయ్యమని ముందుగా పనివాళ్ళని పంపుతాడు. వాళ్ళెవరో వాల్మీకి ఒక్కొక్కర్నీ పేరుపేరునా చెప్తాడు, నేల గుణం తెలిసినవాళ్ళు, సూత్రకర్మ విశారదులు, తవ్వేవాళ్ళు, యంత్రాలు తెలిసినవాళ్ళు, వడ్రంగులు, చెట్లు కొట్టేవాళ్ళు ఇలా. సూత్రకర్మ విశారదులంటే దారం పట్టి కొలవడంలో నేర్పరులు, మీ సుతారి ముత్తాతలన్నమాట.

ఇంకో సాక్ష్యం రాతి మీద ఉంది. కర్ణాటకలో పట్టదకల్లు అనే ఊళ్ళో విరూపాక్షుడి గుడి, 8వ శతాబ్దంలో చాళుక్య రాణి లోకమహాదేవి కట్టించింది, భర్త రెండో విక్రమాదిత్యుడు కంచిని గెలిచినందుకు గుర్తుగా. ఆ గుడి కట్టిన శిల్పి పేరు గుండ. అక్కడి శాసనం ఆయన్ని సూత్రధారి అంటుంది, త్రిభువనాచారి అనే బిరుదు కూడా చెప్తుంది. సూత్రధారి, ఆచారి రెండు మాటలూ ఒకే మనిషికి, పన్నెండు వందల ఏళ్ళ కిందటే. ఆ చాళుక్యుల కాలం గుళ్ళు మనకి దూరమేం కాదు, అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు వాళ్ళవే, ఈసారి జోగులాంబ దర్శనానికి వెళ్ళినప్పుడు ఆ గోడల వరసలు ఎంత సూటిగా ఉన్నాయో ఒక్క నిమిషం ఆగి చూడండి. కొత్త ఇల్లు కట్టే మీ ఊరి సుతారి పేరు వెనక అంత చరిత్ర ఉంది సార్.

మేం డాలస్‌లో ఉంటాం. మా పాపకి తెలుగు బొమ్మల పుస్తకం చదివి చెప్తుంటే వడ్రంగి పిట్ట వచ్చింది. వడ్రంగి అంటే కార్పెంటర్ అని చెప్పా. అప్పుడు మా అత్తయ్య గారు, వాళ్ళది కరీంనగర్, మేం వడ్లాయన అంటాం అన్నారు. పాప వెంటనే వడ్లు అంటే రైస్ కదా అంది. ఏం చెప్పాలో తెలీలేదు.
— ఒక పాఠకురాలు, అమెరికా నుంచి

పాపకి ముందుగా నా మెచ్చుకోలు చెప్పండి, ఆ ప్రశ్న పెద్దవాళ్ళకే రాదు. ధాన్యం వడ్లకీ వడ్లాయనకీ ఏ సంబంధం లేదు, వినడానికి ఒకేలా ఉన్నాయంతే. సంస్కృతంలో వర్ధకి అనే మాట ఉంది, కోసేవాడు అని అర్థం, ఇందాక చెప్పానే రామాయణంలో వడ్రంగులని, అక్కడ వాల్మీకి వాడిన మాట ఇదే. వర్ధకి ప్రాకృతంలో వడ్ఢఇ అయింది. అది ఉత్తరాదికి పోయి బఢయీ అయింది, తెలుగులో వడ్లంగి, వడ్రంగి అయింది, తెలంగాణలో వడ్ల అని పొట్టిదయింది. అంటే మీ అత్తయ్య గారి మాటా మీ మాటా ఒక్కటే.

ఇక ఆ పిట్ట. దుంగ మీద కూర్చుని ముక్కుతో టక టక టక మని కొడుతుంది కదా, మన ఊళ్ళలో వడ్రంగి ఉలి మీద కొడుతున్నప్పుడు దూరం నుంచి వినిపించే చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. పాపకి యూట్యూబ్‌లో రెండు చప్పుళ్ళూ పక్కపక్కన పెట్టి వినిపించండి, ఆ పేరు ఎవరూ చెప్పక్కర్లేకుండా అర్థమైపోతుంది. వడ్రంగి పనిలోంచి వచ్చిన ఇంకో మాట కూడా నేర్పండి, చిత్రిక పట్టడం. చెక్క మీద గరుకు పోయేదాకా చిత్రికతో నునుపు చేస్తారు, పొరలు పొరలుగా చుట్టలు చుట్టుకుని రాలతాయి. బాగా రాసిన వాక్యాన్ని కూడా చిత్రిక పట్టినట్టుంది అంటాం.

మా తాత కమ్మరి పని చేసేవాడు. కమ్మరి అంటే కర్మ చేసేవాడు అని, కాబట్టి అది సంస్కృతం అని ఒకాయన అన్నాడు. మరి కొలిమి, ఉక్కు ఇవి కూడా సంస్కృతమేనా?
— ఒక పాఠకుడు, ఆర్మూరు

కమ్మరి గురించి ఆయన అన్నంతవరకూ నిజమే. ఋగ్వేదం పదో మండలంలో కర్మార అనే మాట ఉంది, సృష్టి మొదట్లో బ్రహ్మణస్పతి అనే దేవుడు దేవతల పుట్టుకలని కమ్మరి తిత్తి ఊదినట్టు ఊది తయారుచేశాడు అని ఒక మంత్రం. ఆ కర్మార పాళీలో కమ్మార అయింది. బుద్ధుడికి చివరి భోజనం పెట్టిన చుందుడు కమ్మారపుత్తుడే, కమ్మరివాళ్ళ అబ్బాయి. ఒడియా, బెంగాలీ భాషల్లో కమార్, మనకి కమ్మరి.

మీరడిగిన కొలిమి, ఉక్కు మాత్రం సంస్కృతం కాదు. కొలిమి అచ్చంగా మన ద్రావిడ భాషల సొంత మాట. తమిళంలో మలయాళంలో కమ్మరిని కొల్లన్ అంటారు, కన్నడంలో కొలిమిని కులుమె అంటారు, అన్నీ ఒక వేరువే. ఇనుము, ఉక్కు కూడా మనవే. అంటే మనిషి పేరు పైనుంచి వచ్చింది, ఆయన ముందున్న నిప్పు పేరు మాత్రం ఇక్కడే పుట్టింది. కొత్త పేరు వచ్చాక కూడా పాత నిప్పు పేరు ఆరిపోలేదు.

పైగా మీరు రాసింది ఆర్మూరు నుంచి, మీ తాత పని ఏ గడ్డ మీద చేశాడో మీకు తెలియాలి. మీ నిజామాబాద్ జిల్లాలోనే కోనసముద్రం అనే ఊరు, అక్కడ మట్టి మూసల్లో ఇనుముని కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం ఇరాన్ నుంచి వ్యాపారులు వచ్చి, దగ్గరుండి చేయించుకుని మరీ పట్టుకుపోయేవాళ్ళు. డమాస్కస్ కత్తులని ప్రపంచమంతా పేరున్న ఆ కత్తులకి మన దక్కన్ ఉక్కు వెళ్ళింది. ఇంగ్లీషువాళ్ళు ఆ ఉక్కుని వూట్జ్ అని రాసుకున్నారు, అది మన ఉక్కు అనే మాటని వాళ్ళు విన్న తీరే అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కమ్మరి వీధిలో సూదులు అమ్మినట్టు అని మనకో సామెత ఉంది కదా, ఉక్కు దగ్గరికొచ్చేసరికి కొనుక్కునేవాళ్ళే సముద్రాలు దాటి కమ్మరి వీధికి వచ్చారు. మీ తాత గారి సమ్మెట, పటకారు ఇంట్లో ఉంటే పాత ఇనుప సామాన్లవాడికి మాత్రం వెయ్యకండి బాబూ.

అగసాలె అంటే కంసాలే కదా, ఆ మాట ఎలా వచ్చింది?
— ఒక పాఠకుడు, హిందూపురం

అవును, బంగారం పని చేసే ఆయనే. మీ వైపు కన్నడం పక్కనే ఉండబట్టి ఈ మాట ఇంకా బతికుంది, అక్కసాలె అని కూడా అంటారు. ఇది అక్షశాల నుంచి వచ్చింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సువర్ణాధ్యక్షుడు అని ఒక అధికారి ఉంటాడు, బంగారం వెండి పనులు జరగడానికి ఆయన ఒక అక్షశాల కట్టించాలి, నాలుగు వైపులా గదులు, లోపల ఒకళ్ళ పని చోటుకీ ఇంకొకళ్ళ దానికీ సంబంధం ఉండకూడదు, బయటికి పోవడానికి మాత్రం ఒకటే గుమ్మం. ఎందుకో అర్థమయ్యే ఉంటుంది, రజను, అంటే బంగారం పొడి, బయటికి పోకుండా. ఆ శాలలో పనిచేసేవాడు అక్షశాలి, అగసాలె. కళింగని ఏలిన గాంగ రాజుల రాగిరేకు శాసనాల మీద అక్షరాలు చెక్కినవాళ్ళని కూడా అక్షశాలి అనే రాశారు, బంగారం మీద తిరిగే చెయ్యే రాగి మీదా తిరిగింది.

రజను అంటే గుర్తొచ్చింది, కంసాలి అంగళ్ళ ముందు కాలవలో మట్టి ఎత్తుకుని పళ్ళెంలో కడిగి, అడుగున మిగిలిన ఆ కాస్త మెరుపుని ఏరుకునేవాళ్ళని మా ఊళ్ళో నేను చూశాను. తెల్లారకముందే వచ్చేవాళ్ళు.

చోటు అయిపోయింది. పైన తూకపు గుండు అని రాశాను గానీ, గోడ నిటారు చూసే ఆ గుండుకి ఒక్కో జిల్లాలో ఒక్కో పేరు వినిపిస్తోంది. మీ ఊరి మేస్త్రీ గారు దాన్ని ఏమంటారో ఆయన్నే అడిగి, ఆయన అన్నది అన్నట్టుగానే రాసి పంపండి, వచ్చే నెల వాటన్నిటినీ ఒక్కచోట వేద్దాం.